తల్లిగుంట గుర్తులు

11 ఫిబ్రవరి 1974, సోమవారం

గుణదల తిరునాళ్ళ ఆఖరి రోజు. జనం రెండు లక్షలని పోలీసులన్నారు, మూడని గుడివాళ్ళన్నారు. రెండూ రాసి, ఏది ఎవరన్నారో కూడా రాసి పేపరుకు పంపాను.

అమల పుట్టింటివాళ్ళు నిన్న గవ్వలదిబ్బ నుంచి దిగారు. అత్తగారు ఆదెమ్మ, బామ్మర్ది అంతోని. అత్త కొండ మీద కొవ్వొత్తులు వెలిగించి వచ్చి పడుకుంది. అన్నాల దగ్గర అంతోని అసలు సంగతి ఎత్తాడు.

"మరపడవలు నిరుడు బాగా దగ్గరకొచ్చినయ్ బావా. ఈ ఏడు తల్లిగుంట మీదకొస్తే ఇంక మా ఊరు లేదు. నువ్వు రాయి. పేపర్లో పడితే గవర్నమెంటు ఆపిద్ది."

పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళుగా ఆ పేరు వింటున్నాను. తెల్లరొయ్య గుడ్లు పెట్టడానికి సముద్రంలో చేరే చోటు. విభూది బుధవారం నుంచి పాస్కా పండగ, అంటే ఈస్టరు దాకా, ఉపవాసాల తపస్కాలమంతా, గవ్వలదిబ్బ పడవ ఏదీ అక్కడ వల వెయ్యదు. ఎక్కడుందో మాత్రం ఆ ఊరి సరంగులు, అంటే పడవ నడిపే పన్నెండుమంది, బయట చెప్పరు. అల్లుళ్ళకు అసలు చెప్పరు.

"చూడకుండా రాయను" అన్నాను.

"అయితే రా, చూపిస్తా."

అత్త లేచి కూచుని వాడి వైపు చూసింది. వాడు కంచంలోకి చూస్తున్నాడు.

"మా నాన్న కన్నకూతుర్ని, నాకే చూపించలా" అని అమల నవ్వింది. "మీకు యోగం ఉంది."

19 ఫిబ్రవరి, మంగళవారం. గవ్వలదిబ్బ

నిన్న కరకట్ట బస్సులో అవనిగడ్డ, అక్కణ్ణించి ఇంకో బస్సు, చివర నాటుపడవ. ఈ ఉదయం గాలి గట్టు నుంచి వీస్తుండగానే బయల్దేరాం. పడవలో అంతోని, నేను, వల లాగడానికి వాడి మేనమామ, ఆయనా సరంగే.

సరంగు పని నేననుకున్నట్టు లేదు. పడవ ముందుకి పోతుంటే అంతోని వెనక్కి, గట్టు వైపే చూస్తూ నిలబడ్డాడు. రెండున్నర గంటల తర్వాత తెరచాప దించమన్నాడు. సీసపుగుండు తాడుతో దించి, పైకి తీసి, దానికంటిన బురద వేలితో తీసి నాలిక మీద వేసుకున్నాడు.

"ఇదే" అన్నాడు.

ఒక్కసారి వల వేశారు. లెక్కపెట్టాను: నలభై ఒక్క తెల్లరొయ్యలు. ముప్పై మూడింటికి వీపు పొడుగునా పెంకు కిందనుంచి ముదురాకుపచ్చ గీత కనపడుతోంది. అది గుడ్లసంచి.

"ఇది తల్లి బావా. ఇయ్యాలో రేపో గుడ్లు విడిచిపెట్టేద్ది." దాన్ని నా అరచేతిలో పెట్టాడు. కొట్టుకోలేదు. కాళ్ళు మాత్రం కదిలాయి. నలభై ఒకటీ తిరిగి నీళ్ళలో వదిలేశారు. తపస్కాలం ఇంకా మొదలుకాలేదు కదా, ఎందుకు వదిలావని అడిగితే, "నీకు చూపించడానికేసిన వల. తినడానిక్కాదు" అన్నాడు.

అప్పుడు గుర్తులు చెప్పాడు. గట్టు మీద ఏది దేనితో కలిస్తే ఈ చోటో.

"గట్టు మీద చెప్పకూడదు. నీళ్ళ మీదే చెప్పాలి. మా నాన్న నాకు ఇక్కడే చెప్పాడు. నా కొడుక్కి నేనూ ఇక్కడే చెప్తా."

"మరి నాకెందుకు చెప్పావు?"

"నువ్వు రాయాలిగా."

మేనమామ వల దులిపాడు.

గుర్తులు: ———————————————— ———————————————— లోతు —————. అడుగున బురద, గవ్వ.

23 ఫిబ్రవరి, శనివారం

మత్స్యశాఖ ఆఫీసరును కలిశాను. ఆకుపచ్చ గీత సంగతి నిజమేనన్నారు. ఒక్కో తల్లి రెండు మూడు లక్షల గుడ్లు సముద్రంలోనే విడుస్తుంది. ఒక్కరోజులో పొదుగుతాయి. మూడు వారాల్లో పిల్ల రొయ్యలు పోటుతో మడ అడవి కాలవల్లోకి చేరతాయి. అక్కడ పెరిగి మళ్ళీ సముద్రానికి పోతాయి. అంటే వానాకాలంలో ఊరి ఆడవాళ్ళు కాలవల్లో పట్టేవి ఆ గుంటలో పుట్టినవే. తల్లులు పోతే కాలవలు కూడా పోతాయి.

మూడు చోట్ల అడిగాను, మూడు చోట్లా ఒకే మాట. వార్త నిలబడుతుంది.

25 ఫిబ్రవరి, సోమవారం

న్యూస్‌ప్రింట్ కొరత వల్ల పేపరు రెండు పేజీలు తగ్గింది. న్యూస్ ఎడిటర్ వెంకటకృష్ణారావుగారు అరవై పంక్తులిచ్చారు. నా దగ్గర ఎనభై నాలుగున్నాయి. ఆయన్ని ముట్టుకోనివ్వను కాబట్టి నేనే కోశాను.

తీసేసినవి: తపస్కాలంలో ఊరు వల వెయ్యదన్న పేరా (ఆచారం, ఎప్పటినుంచో ఎవరికీ తెలియదు, ఆధారం లేదు). అంతోని మాటలు. మరపడవల్ని రెండు నెలలు ఆపాలన్న పేరా (అది కోరిక, సంపాదకీయం వాళ్ళ పని).

ఉంచినవి: చోటు, లోతు, గుర్తులు, కాలం, వలకు ఎన్ని పడ్డాయో, వాటిలో ఎన్ని తల్లులో.

వెంకటకృష్ణారావుగారు ప్రూఫు చూసి, "దాసుగారూ, చోటు ఇంత కచ్చితంగా అవసరమంటారా?" అన్నారు.

"ఎక్కడ అన్నది లేకుండా వార్తేమిటండీ?"

"అదీ నిజమేలెండి. మీ రొయ్యల వార్త కింద మీ పేరు కూడా వేస్తున్నాను."

27 ఫిబ్రవరి

విభూది బుధవారం. నిన్న పడింది. మూడో పేజీ, పైన. తప్పులు లేవు.

4 మార్చి, సోమవారం

అంతోని కార్డు రాశాడు. "బావకు నమస్కారాలు. పేపరు అందినది. ఊరందరికీ చదివి వినిపించినాను. అమ్మ కులాసా. అక్కను అడిగినట్టు చెప్పు."

వాడు నాలుగో తరగతి దాకా చదివాడు. అరవై పంక్తులు బయటికి చదివాడంటే చాలాసేపే పట్టి ఉంటుంది.

9 మార్చి, శనివారం

ఉత్తరాది రేవు నుంచి ఒకాయన వచ్చి 26వ తేదీ పేపరు పదిహేను కాపీలు కొనుక్కుపోయారట. సర్క్యులేషన్‌లో చెప్పారు. మత్స్యశాఖలో కదలిక వచ్చినట్టుంది.

21 మార్చి, గురువారం

అవనిగడ్డ విలేఖరి తిరుపతిరావు ట్రంక్ కాల్ చేశాడు. గవ్వలదిబ్బ ఎదుట ఏడు మరపడవలు ఆదివారం నుంచి పగలూ రాత్రీ వలలు ఈడుస్తున్నాయి. ఒక్కచోటే తిరుగుతున్నాయట. "ఎలా తెలుసుకున్నారో ఏమో సార్" అన్నాడు. నా వార్త అతను చదవలేదా? చదివే అన్నాడేమో.

అమలకు చెప్పలేదు. కనుక్కుని చెప్పాలి.

23 మార్చి, శనివారం

ఏటిమొగ దగ్గర ఐసు కోసం ఆగిన మరపడవ ఎక్కాను. పేపరువాణ్ణని చెబితే డ్రైవరు టీ ఇప్పించాడు. సరదా మనిషి. డెక్కు మీద రొయ్య రెండు రకాలుగా పోసి ఉంది. నేను చూసిన కుప్పలో పదింటిలో ఎనిమిదింటికి ఆకుపచ్చ గీత ఉంది. కూలీలు తలలు తుంచి అవతల పారేస్తున్నారు. గుడ్లసంచి తల కింద మొదలవుతుంది కాబట్టి సగం తలతోనే పోతోంది.

స్టీరింగు చక్రం పక్కన చెక్క మీద మా పేపరు ముక్క అన్నంతో అంటించి ఉంది. గుర్తులున్న నాలుగు పంక్తుల కింద ఎర్ర పెన్సిలు గీత.

"ఇదేంటి?" అన్నాను.

"మా ఓనరుగారు అన్ని బోట్లకూ పంచారండీ. ఈ రాసినాయన దేవుడు. సర్వే వాళ్ళ చార్టులో కూడా ఇంత శుభ్రంగా ఉండదు. కళ్ళు మూసుకుని వచ్చేశాం."

"ఎలాగూ కనిపెట్టేవాళ్ళుగా మీరు?"

"ఆ, కనిపెట్టేవాళ్ళమేలెండి. రెండేళ్ళకో మూడేళ్ళకో." నవ్వాడు. "ఆయన మీకు తెలుసాండీ?"

"తెలుసు" అన్నాను.

"మా తరఫున ఓ దణ్ణం చెప్పండి."

అక్కణ్ణించి గవ్వలదిబ్బ రెండు మైళ్ళు. ఆఖరి బస్సు తప్పిపోతుందని వెళ్ళలేదు. బస్సు నాలుగున్నరకి. అప్పటికి రెండయింది.

24 మార్చి

ఎలాగూ కనిపెట్టేవాళ్ళే.

26 మార్చి, మంగళవారం

మరపడవల మీద వార్త రాశాను. ముప్పై పంక్తులు. మంత్రిగారి పర్యటన వల్ల ఆగింది.

ఈ డైరీలో ఫిబ్రవరి 19 పేజీ తీసి గుర్తుల మీద సిరా పూసేశాను. లోతు కూడా కొట్టేశాను. పేపరు ఆరోజు ముప్పై ఎనిమిది వేల కాపీలు అచ్చయింది.

ఎలాగూ రెండేళ్ళలో కనిపెట్టేవాళ్ళు. రెండేళ్ళో మూడేళ్ళో అన్నాడు.

31 మార్చి, ఆదివారం

అంతోని వచ్చాడు. వస్తానని కార్డు రాయకుండా రావడం ఇదే మొదలు. ఎప్పుడూ తెచ్చే రొయ్యపొట్టు తేలేదు. అమల అడిగితే, "ఈసారి ఎండేసిందేం లేదక్కా" అన్నాడు.

మా వీధి చివర కాలవగట్టు దాకా నడిచాం. వాడు నన్నొక్క మాట అంటాడని ఎదురుచూశాను. జవాబు కూడా సిద్ధంగా పెట్టుకున్నాను. వాడు అనలేదు.

"పేపర్లో తప్పు పడితే ఏం చేత్తారు బావా?"

"సవరణ వేస్తాం. నా వార్తకు ఇంతవరకూ పడలేదు."

"ఒక్కటి కూడానా?"

"ఇరవై రెండేళ్ళు. ఒక్కటి కూడా. నా చేత్తో అబద్ధం ఒక్క ముక్క అచ్చు కాలేదు. నా దగ్గర ఉన్నది అదే అంతోనీ, ఇంకేం లేదు."

ఎందుకంత గట్టిగా అన్నానో తెలియదు. వాడు తలూపి, "మంచిదేగా" అన్నాడు. నడుస్తూనే, "నాన్న కూడా నీ గురించి అదే అనేవాడు. అక్కని పేపరోడికిచ్చారేంట్రా అని ఊళ్ళో ఎగతాళి చేత్తే, ఆడు అబద్ధం రాయడంట్రా అనేవాడు" అన్నాడు.

భోజనం చేసి మూడింటి బస్సుకే వెళ్ళిపోయాడు. ఉండమంటే, "పడవ ఉందిగా" అన్నాడు.

4 ఏప్రిల్, గురువారం

గవ్వలదిబ్బ ఉపదేశి శౌరయ్యగారు ఇంటికి వచ్చారు. డెబ్బై ఏళ్ళుంటాయి. ఫాదర్‌గారు ఆరు ఊళ్ళకి ఒక్కరే కావటంతో ఆ ఊళ్ళో ప్రార్థన, పంచాయితీ రెండూ ఈయనే నడుపుతారు. కుర్చీ వేస్తే కూర్చోకుండా గడప దగ్గర నిలబడ్డారు. బలవంతాన కూర్చోబెట్టాం.

"కాలవలో రొయ్యపిల్ల దిగలా ఈ ఏడు" అని మొదలుపెట్టారు. "ఆడోళ్ళు చేతివలలు ముంచితే ఆకులొస్తన్నయ్. సరే, అది దేవుడి చేతులో ఉంది. నేనొచ్చింది అంతోని సంగతి."

పవిత్ర గురువారం నాడు, క్రీస్తు తన పన్నెండుమంది శిష్యుల కాళ్ళు కడిగినట్టే, ఊళ్ళో పన్నెండుమంది సరంగుల్ని బల్ల మీద కూర్చోబెట్టి ఈయన కాళ్ళు కడుగుతారు. ఆ బల్ల మీద కూర్చున్నవాడే ఆ ఏడు పడవ నడపాలి. గుర్తు గట్టెక్కించినవాడికి, అంటే బయటివాళ్ళకి చెప్పినవాడికి, బల్ల లేదు. బల్ల లేనివాడి పడవలో ఎవరూ కాలు పెట్టరు.

"ఊళ్ళో అందరికీ ఎరికే, మీరు ఆడి బావ అని. కానీ ఆణ్ణి ఎవురూ అడగలా. అడిగితే ఆడు చెప్పేత్తాడు, ఆడి మొహం మీకు తెలుసుగా. అందుకని ఎవురం అడగట్లా."

"మరి నన్నేం చెయ్యమంటారు?"

"నాలుగు ముక్కలు వెయ్యండి అల్లుడుగారూ. ఆ గుర్తులు గవర్నమెంటోళ్ళ సర్వే ఓడ చెప్పింది, మా ఊరోళ్ళెవురూ చెప్పలేదని. అంతే. మేం నమ్ముతాం."

"అది నిజం కాదని మీకు తెలుసు కదండీ."

"తెలుసు. అయినా నమ్ముతాం. మాకు నమ్మాలనుంది." ఆయన ముసలి చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని నా వైపే చూశారు. "ఆడు పుడితే ఆడి తలమీద నీళ్ళు పోసింది నేను. ఆ బల్ల మీంచి ఆణ్ణి నేను లేపలేను. పేపర్లో ఉందంటే, ఇంక నేను లేపక్కర్లా."

సవరణ ఎందుకు వేస్తారో, అది ఎంత పవిత్రమైనదో చెప్పాను. లేని సర్వే ఓడను పుట్టించలేనన్నాను. ఊళ్ళో ఒక సభ పెడితే నేనే వచ్చి తప్పు నాది అని చెప్తానన్నాను.

"మీరు తప్పు ఒప్పుకుంటే ఆడు చెప్పినట్టేగా."

ఆలోచిస్తానన్నాను.

"పై గురువారం దాకా టైముంది" అని లేచారు. మజ్జిగ తాగలేదు, శుక్రవారం కాకపోయినా తపస్కాలంలో బయట ఏమీ తాగరట. వెళ్తూ గుమ్మంలో ఆగి ఒక మాట చెప్పారు. ఆ పేపరొచ్చిన రోజు అంతోని గుడి ముందు నిలబడి చదివాడు. గుర్తులున్న చోటుకొచ్చాక ఒక్క క్షణం ఆగి, ఆ నాలుగు పంక్తులు వదిలేసి, కింద నుంచి చదివాడు.

"ఎనకమాల నిలబడి చూత్తన్నాన్నేను. నాకు కూడా చదువొచ్చుగా."

అమల వంటింటి గుమ్మంలోంచి అంతా విన్నది.

5 ఏప్రిల్

విషయం సూటిగా: ఒక అబద్ధం వేస్తే రేపు ఏ నిజాన్నీ ఎవరూ నమ్మరు. ఇది సూత్రం. మనుషుల్ని బట్టి మారదు.

6 ఏప్రిల్, శనివారం

అమల ఉదయం బస్సుకి పుట్టింటికి వెళ్ళింది. రేపు మట్టల ఆదివారం, అమ్మ దగ్గర ఉంటానంది.

"ఎప్పుడొస్తావు?"

"గురువారం అయ్యాక చూద్దాం." రెండు చీరలు పెట్టుకుంది. తర్వాత ఇంకో రెండు పెట్టింది. బస్టాండులో కిటికీలోంచి, "మీ సూత్రం తప్పని నేననడం లేదండీ" అంది. "మీరు ఆ రోజు ఇరవై నాలుగు పంక్తులు కోశారుగా. అందులో మా తమ్ముడి మాటలున్నాయిగా. అవి కూడా నిజమే కదా."

బస్సు కదిలింది.

7 ఏప్రిల్

కోతకు ముందు రాసిన కాగితాలు పాత సొరుగులో ఉన్నాయి. ఎనభై నాలుగు పంక్తులూ చదివాను. అంతోని మాట 63వ పంక్తి నుంచి: "ఇక్కడ వల వెయ్యకపోవడం మాకు నష్టం కాదు, పైయేటికి దాచిపెట్టుకోవడం."

దీనికీ ఆధారం లేదని కొట్టేశాను. నలభై ఒకటీ నీళ్ళలో వదలడం నా కళ్ళతో చూసి కూడా.

8 ఏప్రిల్

ఏమీ రాయలేదు. మునిసిపల్ సమావేశం, చెరుకు ధర.

9 ఏప్రిల్, మంగళవారం

వాళ్ళు కనిపెట్టేవాళ్ళు కాదు. రెండేళ్ళు అన్నాడు, నవ్వుతూ అన్నాడు. ఈ ఏడు కనిపెట్టేవాళ్ళు కాదు. ఇది ఇక్కడైనా సరిగ్గా రాసిపెట్టుకోవాలి.

10 ఏప్రిల్, బుధవారం

రాశాను. ఐదు పంక్తులు.

"ఫిబ్రవరి 26న ప్రచురించిన రొయ్యల వార్తలోని చోటు, లోతు, గుర్తులు ప్రభుత్వ సర్వే నౌక సేకరించిన సమాచారంలోనివి. గవ్వలదిబ్బ గ్రామస్థులెవరూ ఆ వివరాలు ఇవ్వలేదు. ఈ విషయం అప్పట్లో పేర్కొనకపోవడం మా విలేఖరి పొరపాటు."

వెంకటకృష్ణారావుగారు రెండుసార్లు చదివారు.

"ఏ నౌక దాసుగారూ?"

బల్ల మీది కలం తీసి ఆయన ముందు పెట్టాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మీరు పడవెక్కి వెళ్ళొచ్చి నాకు చెప్పింది ఇంకా గుర్తుంది నాకు. బురద నాకాడన్నారు."

"వెయ్యండి సార్. అడిగితే జవాబు నేను చెప్తాను."

"నన్నెవరడుగుతారు. మీరు రాశాక ఎవరూ అడగరు." ఇనీషియల్స్ వేసి లోపలికి పంపారు. కంపోజింగులో పక్కన నిలబడి ఒక్కో అక్షరం పేర్చడం చూశాను. ఇరవై రెండేళ్ళలో ఎప్పుడూ అలా నిలబడలేదు.

రేపు తెల్లవారుజామున పేపరు వ్యాన్‌లోనే అవనిగడ్డ దాకా వెళ్తున్నాను. ఇది వాళ్ళ చేతికి నేనే ఇవ్వాలి.

12 ఏప్రిల్, శుభ శుక్రవారం. గవ్వలదిబ్బ

నిన్నటిది ఈరోజు రాస్తున్నాను. జరిగినది జరిగిన వరసలో.

పడవ దిగేసరికి పదకొండున్నర. పేపర్లు ఆరు తెచ్చాను. రేవులో మామూలుగా పన్నెండు పడవలుంటాయి. లెక్కపెట్టాను, పన్నెండూ ఉన్నాయి. పని అయిపోయిందనుకున్నాను.

శౌరయ్యగారు గుడి వెనక బల్ల కడిగిస్తున్నారు. పేపరు మడత విప్పి చోటు చూపించి ఇచ్చాను. కంటికి దూరంగా పట్టుకుని పెదాలు కదుపుతూ చదివారు. చివరిదాకా చదివి, మళ్ళీ మొదటికొచ్చారు.

"బాగా రాశారు" అన్నారు. "ఎంత బాగా రాశారండీ. ఇదొక్క రోజు ముందొస్తే ఊరంతా నమ్మేది."

నిన్నటి ముందు రోజు, బుధవారం సాయంత్రం ప్రార్థన అయ్యాక జనం లేస్తుంటే అంతోని నిలబడ్డాడట. ఎవరూ అడగలేదు. గుర్తులు తన బావకు తానే చెప్పానన్నాడు.

"ఆగరా, కూకో అన్నాను. ఆడి మామ చొక్కా పట్టుకు లాగాడు. ఆడు కూకోలా. మా బావని మీరు అబద్ధం రాయమన్నారంట, అక్క చెప్పింది, ఆయనకున్నదల్లా అదేనంట, నా కోసం దాన్ని చెడగొట్టొద్దు అన్నాడు." శౌరయ్యగారు పేపరు నాలుగు మడతలు పెట్టి నాకు తిరిగిచ్చారు. "ఒప్పుకున్నోణ్ణి ఇంక మేం ఏం నమ్మేది?"

"వాడెక్కడ?"

ఆయన సముద్రం వైపు చెయ్యి చూపించారు. పొద్దున్నే ఒక మరపడవ ఏటిమొగలో ఆగితే అంతోని ఈదుకుంటూ వెళ్ళి ఎక్కాడు. ఈ ఊళ్ళో వాడి పడవ ఎక్కేవాళ్ళు ఇంక ఉండరు. వాళ్ళకు మాత్రం ఏటిమొగలో ఇసక దిబ్బలు తెలిసిన మనిషి కావాలి. ఉత్తరాది రేవుకు వెళ్ళిపోయారు. తల్లిగుంటలో వలకు ఏమీ పడటం లేదని ఏడింట్లో ఆరు మొన్నే వెళ్ళాయి. వాడెక్కింది ఆఖరిది.

వాడి పడవ రేవులోనే ఉంది. పన్నెండులో అదొకటి. నేను దాన్నీ లెక్కపెట్టాను.

అత్తగారింటికి వెళ్ళాను. అత్త పొయ్యి దగ్గర ఉంది, నాకు వీపు ఇచ్చి. అమల బయటికి వచ్చి నా చేతిలో పేపరు చూసి, తీసుకుని, చదివి, మంచం మీద పెట్టింది.

"వేశారా" అంది.

"వేశాను."

"వాడికి తెలీదు మీరేస్తారని."

సాయంత్రం గుడిలో మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు చాపల మీద కూర్చున్నారు. నేను వెనక గోడ దగ్గర నిలబడ్డాను. పదకొండుమంది బల్ల మీద కూర్చున్నారు. చివర చోటు ఖాళీ. శౌరయ్యగారు తువ్వాలు నడుముకి కట్టుకుని చెంబు తీసుకున్నారు, మళ్ళీ కింద పెట్టారు.

"పన్నెండుమంది ఉండాల" అన్నారు, ఎవరితోనూ కాకుండా. తర్వాత నా వైపు చూశారు. "అల్లుడుగారూ, మీరు రండి."

"నేను పడవ మనిషిని కాదండీ."

"గుర్తు తెలిసినోళ్ళు కూకునే బల్ల ఇది. ఊళ్ళో గుర్తు తెలిసినోళ్ళు ఆ పదకొండుమంది, మీరు. ఇంకెవురూ లేరు. రండి."

ఆయన గొంతులో కోపం లేదు, ఎగతాళి లేదు. బాగా విన్నాను. మనిషి తక్కువైతే పని ఆగిపోతుందన్నట్టు పిలిచారు, అంతే. మేనమామ కొంచెం జరిగి చోటిచ్చాడు. చెప్పులు గోడ దగ్గర విడిచి వెళ్ళి కూర్చున్నాను. ఆడవాళ్ళ వైపు చూడలేదు.

శౌరయ్యగారు మొదటి మనిషి దగ్గర్నుంచి మోకాళ్ళ మీద ఒక్కొక్కరి ముందుకీ జరుగుతూ వచ్చారు. కుండలోంచి చెంబుతో నీళ్ళు ముంచి కుడికాలు, ఎడమకాలు కడిగి, తువ్వాలుతో తుడిచి, వంగి ముద్దు పెడుతున్నారు. నా దగ్గరికి వచ్చేసరికి కుండ పక్కకి పెట్టి, బల్ల కింద విడిగా మూతేసి ఉన్న ఇత్తడి చెంబు తీశారు. మూత తీస్తే ఆవిరి వచ్చింది.

నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి. మిగతా పదకొండుమందికీ చన్నీళ్ళే. చూశాను.

కాలు వెనక్కి తీసుకోబోయాను. "ఉంచండి" అని పట్టుకున్నారు.

అయ్యాక అమలతో కలిసి ఇసకలో ఇంటికి నడిచాను. అత్త ముందు పోతోంది, ఖాళీ చెంబు చేతిలో.

"నాకు వేణ్ణీళ్ళు ఎందుకు పోశారు?" అన్నాను.

"మీకు కాదు. తమ్ముడివి." అమల అత్త వైపే చూస్తూ నడిచింది. "ఉప్పునీళ్ళకి వాడి కాళ్ళు పగుళ్ళు. చన్నీళ్ళు పడితే మంట. అమ్మ ఏటా వాడి చెంబు విడిగా కాచి తెచ్చి బల్ల కింద పెట్టిద్ది."

"వాడు వెళ్ళిపోయాడని అత్తకి పొద్దున్నే తెలుసుగా."

"తెలుసు."

నా కాళ్ళకు పగుళ్ళు లేవు.